సున్నా గ్రేడు

దాదాపు ముప్పయ్యేళ్ళ ఉద్యోగంలో గురునాథరావు కోరుకున్నది ఒక్కటే: పేరు పక్కన జె-0 అనే ముక్క. దానివల్ల జీతం పెరగదని ఆయనకు తెలుసు. అయినా కావాలి. రిటైర్మెంటుకు ఇంకా పద్నాలుగు నెలలుంది. ఈలోగా రావాలి.

పోర్టు రోడ్డులో ఓడల నుంచి బొగ్గు దించే కంపెనీ అది. గుమస్తాలకు సి-1 నుంచి సి-6 దాకా ఆరు మెట్లు. ఆ పైన జె-0, అంటే జూనియర్ మేనేజ్‌మెంటులో మొట్టమొదటి గ్రేడు. సి-6లో పదకొండేళ్ళుగా ఇరుక్కున్న మనిషికి ఇంక్రిమెంట్లన్నీ కలుపుకుంటే కొత్తగా చేరిన జె-0 కంటే నాలుగు రూపాయలు ఎక్కువే వస్తాయి. కానీ సి-6ను క్లర్కంటారు, జె-0ను ఆఫీసరంటారు. సి వాళ్ళు గేటు దగ్గర వేలిముద్ర వెయ్యాలి, జె వాళ్ళు సెక్యూరిటీ వాడికి తలూపితే చాలు. సి వాళ్ళు సెలవు అడుగుతారు, జె వాళ్ళు తెలియజేస్తారు. రిటైరయ్యే రోజున సి వాళ్ళకి క్యాంటీన్లో సమోసా, టీ. జె వాళ్ళకి పై అంతస్తు హాల్లో శాలువా, ఉపన్యాసాలు. మనిషికి హోదా కాదయ్యా, పని ముఖ్యం అని ఆ ఉపన్యాసాల్లో చెప్పేవాళ్ళంతా జె-4కు పైవాళ్ళే.

"ముప్పయ్యేళ్ళు సేసి సున్నా కోసం దేవులాడతన్నావేటి బావా? సున్నాయే అయితే నానిచ్చేత్తాను, పట్టుకెళ్ళు" అనేవాడు తాతబాబు. డిస్పాచ్ సీటులో ఉండే తాతబాబూ ఆయనా ఒకే రోజున చేరారు. వచ్చే తపాలా విప్పడం, పోయే తపాలా అంటించడం తాతబాబు పని. అతను సి-4. ఆ సి-4తో అతనికి ఏ తగాదా లేదు.

గురునాథరావుది చోడవరం దగ్గర ఊరు. తండ్రికి చెరకు పొలం. బీఏ చదివి, టైపు నేర్చుకుని, సి-1 టైపిస్టుగా చేరాడు. అప్పుడు క్లెయిమ్స్ సెక్షన్లో భీమశంకరరావని కాకినాడ వైపు నుంచి వచ్చిన హెడ్ క్లర్కు ఉండేవాడు. ఆయన రాసింది టైపు చేసీ చేసీ గురునాథరావుకు ఉత్తరం రాయడం పట్టుబడింది. "ఉత్తరం అంటే ఎదుటివాడికి కుర్చీ వెయ్యడం కాదోయ్, తలుపు వెయ్యడం. వాడు లోపలికి రావడానికి సందు ఉండకూడదు" అనేవాడు ముసలాయన. ఓడ ఆలస్యమైతే ఎవరి తప్పు, క్రేను ఆగితే ఎవరు బాధ్యులు, సరుకు తగ్గితే ఎవరు జవాబు చెప్పాలి అన్నవి ఆ సెక్షన్ తగువులు. పదకొండేళ్ళుగా వాటి మీద ఓడ ఏజెంట్లకు వెళ్ళిన ప్రతి ఉత్తరమూ గురునాథరావు రాసిందే. ప్రతి దాంట్లోనూ "నేను పరిశీలించాను", "నా అభిప్రాయం" అని ఉంటుంది. ఆ నేను ఆయన కాదు, కింద సంతకం పెట్టే మేనేజరు. ఆ పదకొండేళ్ళలో ఆరుగురు మేనేజర్లు మారారు. ఆరుగురి ఇంగ్లీషూ ఒకేలా ఉందేమిటని ఏ ఏజెంటూ అడగలేదు.

ఈ ఆరో మేనేజరు పేరు నాగవంశీ. ముప్పై నాలుగేళ్ళవాడు, కృష్ణా జిల్లా మనిషి, జె-2. మర్యాదస్తుడే. గురునాథరావును "గారూ" అనకుండా పిలవడు.

ఆ ఏడాది హైదరాబాదు నుంచి ఇద్దరు కన్సల్టెంట్లు వచ్చి, కంపెనీలో గ్రేడులన్నీ కొత్తగా తూస్తామన్నారు. ఒక్కొక్కరికి ఎనిమిది పేజీల ఫారం. మీరేం చేస్తారు, దేన్ని సొంతంగా నిర్ణయిస్తారు, మీరు లేకపోతే ఏది ఆగుతుంది? ఎవరికి వాళ్ళు నింపి సంతకం పెట్టాలి. దాన్ని బట్టి గ్రేడు.

ఫారం వచ్చిన రోజునే నాగవంశీ తనది పట్టుకుని గురునాథరావు టేబుల్ దగ్గరికి వచ్చాడు.

"నాది కూడా మీరే నింపేయండి గురునాథరావు గారూ. ఆ భాష నాకు రాదు."

రెండు మధ్యాహ్నాలు కూర్చుని ఆయన నింపాడు. ఓడల ఆలస్యానికి కారణం నిర్ధారించును. క్లెయిములను స్వతంత్రంగా పరిశీలించును. ఏజెంట్లతో ఉత్తర ప్రత్యుత్తరములు రచించును. రాస్తున్నంతసేపూ తన పనే రాస్తున్నానని ఆయనకు తట్టనేలేదు. మేనేజరు పేరుతో నేను అని రాసీ రాసీ ఆ చేతికి అలాగే అలవాటైపోయింది. తరవాత తాతబాబు తన ఫారం తెచ్చాడు. "నాదీ రాసీ బావా, టీ ఇప్పిస్తాను." అదీ రాశాడు. తపాలా అంటించడాన్ని కంపెనీ సమాచార భద్రతగా మార్చి ఎనిమిది పేజీలూ నింపాడు.

ఆఖరున తన ఫారం తీశాడు. మీరేం చేస్తారు? అని మొదటి ప్రశ్న. తన పనంతా పైన నాగవంశీ పేరుతో వెళ్ళిపోయింది. ఒకే పని ఇద్దరు చేస్తున్నారని రాస్తే కన్సల్టెంట్లు పట్టుకుంటారు, మేనేజరు అబద్ధమాడినట్టవుతుంది. కాసేపు ఆలోచించి "సెక్షన్ పనులన్నింటిలో మేనేజరుకు సహకరించును" అని రాసి సంతకం పెట్టాడు. దాన్ని వినయం అనుకున్నాడు. నిజానికి ఆయనకు కొంచెం ధీమా కూడా. తన పని సంగతి ఆఫీసులో తెలియనిదెవరికి? ఎవరో ఒకరు చెప్పరా? ఎవరు చెబుతారు? చెప్పాల్సిన వాళ్ళందరి ఫారాలూ ఆయనే రాశాడు.

రెండు నెలలకు నోటీసు బోర్డు మీద జాబితా వచ్చింది. నాగవంశీ జె-2 నుంచి జె-3. తాతబాబు సి-4 నుంచి సి-5. గురునాథరావు సి-6 నుంచి సి-5, కొత్త హోదా ఆఫీస్ సపోర్ట్. పక్కన చుక్క పెట్టి, జీతం తగ్గదు అని రాశారు.

తాతబాబు బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డాడు. "ఓరి నాయనో. నువ్వూ నానూ ఒకటే అయిపోనామేటి బావా!" అన్నాడు. అతనికి నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది.

ఆ సాయంత్రం గురునాథరావు దువ్వాడలో ఇంటికి చేరేసరికి భార్య సన్యాసమ్మ గుమ్మంలో వంకాయలు తరుగుతోంది.

"లిస్టొచ్చిందేటండి?"

"వచ్చింది. తగ్గించినారు."

"జీతమా?"

"కాదు."

"మరేటి తగ్గించినారు?"

ఆయన చెప్పులు విప్పుతూ ఉండిపోయాడు. ఆ ప్రశ్నకు సరైన జవాబు ఒక్క వాక్యంలో రాయలేకపోవడం ఆయనకు అదే మొదటిసారి.

"పోన్లెండి. జీతం తగ్గనప్పుడు ఇంకేటి తగ్గుద్ది? రండి, తినండి" అంది ఆమె. ఆమె మాటలో తప్పు లేదు. అందుకే ఆ రాత్రి ఆయన ఆమెతో మాట్లాడలేదు.

ముప్పై రోజుల్లోగా అప్పీలు పెట్టుకోవచ్చు. మూడు పేజీల అప్పీలు రాశాడు. దాని మీద మేనేజరు తన అభిప్రాయం రాసి హెడ్డాఫీసుకు పంపాలి. నాగవంశీ ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు.

"ఇలాంటివి నూట నలభై వచ్చాయంటండీ. అన్నీ తిప్పి పంపమని పైనుంచి చెప్పారు. మీది కూడా, ఏమనుకోకండి, 'సిఫారసు చేయడం లేదు' అని ఓ పేరా రాసి పుటప్ చేసేయండి."

"నాదానికి నానే రాయాలా సార్?"

"ఇంకెవరు రాస్తారండీ? నాకా ఫార్మాట్ తెలీదుగా."

గురునాథరావు కూర్చుని రాశాడు. తన అప్పీలును తనే తిరస్కరిస్తూ రాసిన ఆ పేరా చాలా బాగా వచ్చింది. ఎక్కడా సందు లేదు. చదివితే తన అప్పీలు నిజంగానే అన్యాయమైనదని తనకే నమ్మకం కలిగింది. అప్పుడు మండింది ఆయనకు. మొత్తం చెరిపేసి ఇంకోటి రాశాడు: ఈ సెక్షన్లో ఉత్తరాలు రచించేదీ, క్లెయిములు పరిశీలించేదీ ఈ ఉద్యోగే, ఇతనికి జె-0 ఇవ్వడం న్యాయమని నా అభిప్రాయం. దాన్ని సంతకాల ప్యాడ్‌లో పద్దెనిమిది ఉత్తరాల కింద పెట్టాడు. నాగవంశీ ఆ టైముకు పరవాడ దగ్గర స్థలం గురించి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఫోను భుజానికి ఆనించుకుని పంతొమ్మిదింటికీ సంతకాలు పెట్టేశాడు.

మూడు వారాలకు హెడ్డాఫీసు నుంచి జవాబు వచ్చింది, నాగవంశీ పేరు మీద. ఈ పనులన్నీ మీరే చేస్తున్నట్టు మీ ఫారంలో ఉంది; మీ గుమస్తా చేస్తున్నట్టు మీ సిఫారసులో ఉంది; రెంటిలో ఏది నిజమో తెలియజేయగలరు.

నాగవంశీ ఆ కాగితం పట్టుకుని వచ్చేసరికి సెక్షనంతా తలలు ఎత్తింది.

"ఏంటండీ ఇది? నాచేత ఇలా సంతకం పెట్టిస్తారా?"

"పెట్టింది మీరే సార్."

"చదవకుండా పెట్టాను!"

"ఎప్పుడు సదివినారు సార్?"

ఎవరో దగ్గారు. నాగవంశీ చెవులు ఎర్రబడ్డాయి. అయినా గొంతు పెంచలేదు. గురునాథరావును తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"చూడండి, మీ మీద యాక్షన్ తీసుకోకపోతే నా జె-3 పోతుంది. ఇల్లు కొనుక్కుంటున్నాను, లోను కాగితాల్లో గ్రేడు రాసిచ్చాను. మీకు చార్జి మెమో ఇవ్వక తప్పదు." కాసేపు బల్ల మీద పెన్ను దొర్లించాడు. "మెమో ఎలా ఉంటుందండీ? ఎక్కడ మొదలుపెట్టాలి?"

"సాయంత్రానికి నాను పెడతాను సార్" అన్నాడు గురునాథరావు.

విషయం తెలిసి తాతబాబు నెత్తి కొట్టుకున్నాడు. "నీకేటి పిచ్చెక్కిందా బావా? నీ ఉరితాడు నువ్వే పేనుకుంటావేటి?"

"ఆలకి పేనడం రాదు బావా. మధ్యలో తెగిపోద్ది."

తాతబాబు దాన్ని వేళాకోళం అనుకున్నాడు. కానీ ఆయన ఆ మెమోను ఏ ఓడ మీదా రాయనంత శ్రద్ధగా రాశాడు. దాంట్లో రెండో వాక్యం ఇది: "పదకొండేళ్ళుగా ఈ సెక్షన్లో ఓడల ఆలస్యములకు కారణములు నిర్ధారించుచు, క్లెయిములు పరిశీలించుచు, ఉత్తర ప్రత్యుత్తరములన్నియు స్వతంత్రంగా రచించుచు, సంతకము తప్ప తక్కిన పనియంతయు తానే నిర్వహించుచున్న సదరు ఉద్యోగి, తనపై ఉంచిన నమ్మకమును దుర్వినియోగపరిచెను."

నాగవంశీ జీవితంలో మొదటిసారి ఒక డ్రాఫ్టును చివరిదాకా చదివాడు. రెండో వాక్యం మీద వేలు పెట్టాడు.

"ఇదంతా అవసరమా?"

"నమ్మకం ఉన్నాదని రుజువైతేనే గదా సార్, దుర్వినియోగం అయ్యిందని రుజువయ్యేది? అది తీసేస్తే చార్జి నిలబడదు."

అందులో కాదనడానికి ఏమీ లేదు. నాగవంశీ సంతకం పెట్టాడు. గురునాథరావు తన మెమో తనే అందుకుని, ముట్టినట్టు సంతకం చేసి, నేరం ఒప్పుకుంటూ జవాబు రాశాడు. ఆ మెమో నకలును రెండో అప్పీలుకు జతచేశాడు. నేను చేస్తున్న పని ఏమిటో నా మేనేజరే సంతకం చేసి చెప్పారు, చిత్తగించండి.

ఆ తరవాత నాలుగు నెలలు ఆయన హుషారుగా తిరిగాడు. ఇంట్లో కూడా నవ్వాడు. "ఏటండి, దెబ్బలాడి వచ్చినోళ్ళు ఇంత కులాసాగా ఉన్నారు?" అంది సన్యాసమ్మ. "కాయితం దొరికిందే" అన్నాడు. ఆమెకు అర్థం కాలేదు, కానీ మనిషి తింటున్నాడు కదా అని ఊరుకుంది. ఆయన లెక్క సులువు. ముప్పయ్యేళ్ళలో తన పని తనదేనని చెప్పే కాగితం ఒక్కటీ లేదు. ఇప్పుడుంది. కాగితం ఉంటే కంపెనీ కాదనలేదు.

ఆ లెక్కలో తప్పేమీ లేదు. కంపెనీ కాదనలేదు.

హెడ్డాఫీసు ఉత్తర్వులో మూడు పేరాలున్నాయి. తాతబాబు కవరు చింపి, చదవకుండా తెచ్చి చేతిలో పెట్టాడు. మొదటి పేరా: నమ్మక దుర్వినియోగానికి గాను గురునాథరావును అభిశంసించడమైనది, సర్వీసు రిజిస్టరులో నమోదు చేయవలెను, ఏడాదిపాటు ఏ గ్రేడు మార్పుకూ అనర్హుడు. రిటైర్మెంటుకు అప్పటికి ఆరు నెలలుంది. రెండో పేరా: క్లెయిమ్స్ సెక్షన్లో మేనేజరుతో నిమిత్తం లేకుండా స్వతంత్రంగా చేయు పని ఉన్నదని చార్జి మెమో వలన విదితమైనది, అట్టి పని జె-0 స్థాయిదని యాజమాన్యం అంగీకరించుచున్నది.

ఆ వాక్యాన్ని ఆయన నిలబడే మూడుసార్లు చదివాడు. తరవాత కూర్చుని మూడో పేరా చదివాడు. గ్రేడు పోస్టుకు చెందును గాని వ్యక్తికి కాదు. కనుక సదరు సెక్షన్లో ఒక జె-0 పోస్టు మంజూరు చేయడమైనది. ముప్పై ఏళ్ళలోపు ఎంబీఏలతో నేరుగా భర్తీ చేయబడును. ప్రస్తుత ఉద్యోగి తన పదవీ విరమణ వరకు వారికి తర్ఫీదు ఇవ్వవలెను.

"ఏటొచ్చింది బావా?"

"జె-0 వచ్చింది."

"వచ్చీసిందా!" తాతబాబు లేచి చెయ్యి పట్టుకున్నాడు.

"కుర్చీకి వచ్చింది బావా. నాకు కాదు."

పేపర్లో ప్రకటన పడింది. పోస్టు విధులు అన్న చోట మెమోలోని రెండో వాక్యాన్ని, ఆఖరి ముక్క తీసేసి, ఉన్నది ఉన్నట్టు అచ్చు వేశారు. నాగవంశీ జె-3 ఎవరూ ముట్టుకోలేదు. పైవాళ్ళకిచ్చింది వెనక్కి తీసుకునే అలవాటు ఏ కంపెనీకీ లేదు.

రెండు నెలల తరవాత కొత్త జె-0 వచ్చింది. పేరు ఆశాజ్యోతి, పరవాడ దగ్గర రైతుల పిల్ల, దువ్వాడ కాలేజీలో ఎంబీఏ. ఇరవై నాలుగేళ్ళు. వేలిముద్ర వెయ్యకుండా గేటు దాటి వచ్చి "నమస్తే అంకుల్" అంది. గురునాథరావు ఆమెను ద్వేషిద్దామని ముందే నిర్ణయించుకున్నాడు. ఆమె ఆ అవకాశం ఇవ్వలేదు. చెప్పింది రాసుకునేది. క్యాంటీన్ నుంచి ఆయనకు కూడా టీ తెచ్చేది. పాత ఫైళ్ళు చూసి ఒకరోజు "ఇవన్నీ మీరు రాసినవేనా అంకుల్? బలే ఉన్నాయి" అంది. ముప్పయ్యేళ్ళలో ఆ మాట అన్నది ఆమె ఒక్కతే. ఆ మాట ఆమె నోటి నుంచి రావడం ఆయనకు మరీ కష్టమనిపించింది.

మూడో వారంలో ఆమె సొంతంగా ఒక ఉత్తరం రాసి తెచ్చింది. ఒక బొగ్గు ఓడ నలభై గంటలు ఆలస్యమైతే తప్పు మీదేనని ఏజెంటుకు రాయాల్సిన ఉత్తరం.

"ఒకసారి సూత్తారా అంకుల్? తప్పులుంటే సెప్పండి."

చూశాడు. ఓడ పేరు రెండు చోట్ల రెండు రకాలుగా ఉంది. ఏ షరతు కింద అడుగుతున్నారో చెప్పనే లేదు. ముందు రావాల్సిన కారణం చివర వచ్చింది. మధ్యలో ఎందుకో "దయచేసి అర్థం చేసుకోగలరు" అని బతిమాలింది. అది తలుపు కాదు, నాలుగు వైపులా తెరిచి పెట్టిన పందిరి. ఎర్ర పెన్ను చేతిలోనే ఉంది. పది నిమిషాల పని.

"బాగున్నాదమ్మా" అన్నాడు.

"నిజంగానా?"

"పంపీ."

ఆమె సంతోషంగా వెళ్ళింది. నాగవంశీ ఎప్పటిలాగే సంతకం పెట్టాడు. ఆ ఉత్తరాన్ని తాతబాబు అంటిస్తుంటే గురునాథరావు పక్కనే నిలబడి చూశాడు.

"దాంట్లో ఎన్ని తప్పులున్నాయో తెలుసా బావా? ఏజెంటుగాడు సీల్చి సెండాడేత్తాడు. అప్పుడు తెలుస్తాది, జె-0 అంటే ఏటో, పని అంటే ఏటో."

"ఆ గుంట నీకేటి సేసింది బావా?" అన్నాడు తాతబాబు, కవరు మీద నుంచి తల ఎత్తకుండా.

ఆయన తన సీటుకు వెళ్ళిపోయాడు. రోజులు లెక్కపెట్టుకున్నాడు. ఆ ఏజెంటు ఎలాంటివాడో ఆయనకు తెలుసు. తను ఎంత బిగించి రాసినా లాయరు చేత నాలుగు పేజీల జవాబు ఇప్పించేవాడు. దానికి మళ్ళీ తను, మళ్ళీ వాడు, అలా ఏడాది గడిచేది. ఆ తగువులన్నీ తన ప్రతిభకు సాక్ష్యమని గురునాథరావు నమ్మకం.

తొమ్మిదో రోజున జవాబు వచ్చింది. లాయరు కాగితం మీద కాదు, మామూలు కాగితం మీద. రెండే లైన్లు. గురునాథరావు చదివి, వెనక్కి తిప్పి చూసి, మళ్ళీ ముందుకి తిప్పాడు. హాలు అవతల ఆశాజ్యోతి ఇంకో ఓడ మీద ఉత్తరం టైపు చేసుకుంటోంది. మధ్యలో ఆపి ఏదో మాట వెతుక్కుంది, దొరకలేదు కాబోలు, వేరే మాట వేసి ముందుకు పోయింది.

"ఏటన్నాడు బావా ఏజెంటు?" అన్నాడు తాతబాబు.

"ఒప్పుకున్నాడు. తప్పు మాదే, సర్దుకుందాం అన్నాడు."

"మరి ఆ తప్పులో? నువ్వు సెప్పినవి?"

"అవి వాడికి కనబళ్ళేదు బావా" అన్నాడు గురునాథరావు. "నా ఒప్పులూ ఎప్పుడూ కనబడి ఉండవు."